శవపేటిక సిద్ధం, మాట మాత్రం బాకీ

1902 అక్టోబరులో న్యూజీలాండ్‌లోని వెల్లింగ్టన్ రేవు నుంచి వెంట్నర్ అనే ఆవిరి ఓడ హాంకాంగ్‌కు బయలుదేరింది. దాని కడుపులో బొగ్గుతో పాటు 499 మంది చైనీయుల అవశేషాలు ఉన్నాయి. వాళ్ళలో ఎక్కువమంది బంగారం తవ్వుకుందామని వచ్చి, ఆ పరాయి గడ్డ మీదే కన్నుమూసిన శ్రమజీవులు. సొంత ఊరి మట్టిలో కలవాలని, చింగ్‌మింగ్ పండుగ నాడు తమ సమాధి ఊడ్చే వాళ్ళుండాలని వారి కోరిక. అందుకోసం డునెడిన్ నగర వ్యాపారి చోయీ స్యూ హోయ్ ముందు నిలబడి ఒక సంఘం పెట్టాడు. చందాలు పోగుచేశారు. దేశం నలుమూలలా సమాధులు తవ్వించి, ఎముకలు శుభ్రం చేయించి, పెట్టెల్లో సర్దించారు. 1883లో ఒకసారి 230 మందిని ఇలాగే ఇంటికి చేర్చారు కూడా. రెండోసారి పంపే లోపే, 1901లో, స్యూ హోయ్ కాలం చేశాడు. ఆయన శవపేటికనూ ఆ ఓడలోనే ఎక్కించారు.

ఓడ దారిలో రాతిని గుద్దుకుంది. ఉత్తరాన హోకియాంగా తీరం దగ్గర మునిగిపోయింది. ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఎముకలను అక్కడి మావోరీలు తమ వాళ్ళ పక్కనే పూడ్చిపెట్టారు. ఆ మేలుకు కృతజ్ఞత చెప్పడానికి ఆ చైనీయుల వారసులు ఇప్పటికీ ఆ తీరానికి వెళ్తారు.

చావు గురించి ముందే ఆలోచించుకోవడం చైనీయుల రివాజు కాదని ఎవరైనా అంటే వారికి ఈ ఓడ కథ చెప్పాలి. పాతకాలపు చైనా పల్లెల్లో పెద్దవాళ్ళు బతికుండగానే శవపేటిక చేయించుకునేవారు. దాన్ని ‘షౌత్సాయ్’, అంటే దీర్ఘాయువు కొయ్య అనేవారు. కట్టి పంపే బట్టలకు ‘షౌయీ’, దీర్ఘాయువు వస్త్రాలు అని పేరు. ముందే సిద్ధం చేసిపెడితే ఆయుష్షు పెరుగుతుందని నమ్మేవారు. విదేశాల్లోని చైనీయ కుటుంబాల్లో సమాధి స్థలం ముందే కొని పెట్టుకున్న పెద్దలు నేటికీ చాలామంది ఉన్నారు.

చనిపోయాక ఏం చేయాలో ఇంత శ్రద్ధగా ఏర్పాటు చేసుకున్న సమాజంలో, చనిపోయే ముందు ఏం చేయాలన్నది మాత్రం చాలా ఇళ్ళలో ఎవరూ ఎత్తని మాటగా మిగిలింది. జబ్బు ముదిరిన రోజు నుంచి ఊపిరి ఆగే రోజు దాకా ఉండే ఆ మధ్యకాలం పూర్వం కొద్ది రోజులు. ఆధునిక వైద్యం దాన్ని నెలలకూ, ఏళ్ళకూ సాగదీసింది. పాత ఆచారంలో ఈ కొత్త కాలానికి చోటు లేదు. అసలు చిక్కు ఇక్కడుంది.

మాట, మనిషి, కాగితం

ఆ మధ్యకాలం కోసం ముందుగా చేసుకునే ఏర్పాటునే వైద్యులు అడ్వాన్స్ కేర్ ప్లానింగ్ అంటారు. తెలుగులో ముందస్తు సంరక్షణ ప్రణాళిక అనుకోవచ్చు. ఇందులో మూడు పనులున్నాయి. మొదటిది మాట: నాకు ఏది ముఖ్యం, ఏది భరించలేను, ఎక్కడ ఉండాలని ఉంది అన్నది ఇంటివాళ్ళతో, వైద్యుడితో చెప్పుకోవడం. రెండోది మనిషి: నేను మాట్లాడలేని స్థితి వస్తే నా తరఫున ఎవరు నిర్ణయించాలో చెప్పి ఉంచడం. మూడోది కాగితం: ఈ రెంటినీ చట్టం ఒప్పుకునే రూపంలో రాసిపెట్టడం. మన పత్రికల్లో లివింగ్ విల్ అని కనిపించేది ఈ మూడో పనే.

అమెరికాలో తొలి లివింగ్ విల్ చట్టం 1976లో కాలిఫోర్నియా చేసింది. 1990లో చేసిన కేంద్ర చట్టం ప్రకారం ఆసుపత్రులు రోగికి ఈ హక్కు గురించి చెప్పి తీరాలి. ఈ చట్టాలన్నిటి పునాది ఒక్కటే: రోగి ఒంటరి వ్యక్తి, అతని శరీరం మీద అతనిదే తుది మాట. 50 లక్షలకు పైగా ఉన్న అమెరికా చైనీయుల్లో, సుమారు 17 లక్షలున్న కెనడా చైనీయుల్లో, 14 లక్షల దాకా ఉన్న ఆస్ట్రేలియా చైనీయుల్లో ఎందరో పెద్దలకు ఈ పునాదే కొత్త. వాళ్ళ లెక్కలో జబ్బు చేసేది ఒక మనిషికైనా, పడేది ఇల్లంతా. కాబట్టి నిర్ణయమూ ఇల్లంతా కలిసి చేయాల్సిందే. తత్వవేత్త రుయిపింగ్ ఫాన్ 1997లో ఈ తేడాకు ఒక పేరు పెట్టాడు: పాశ్చాత్యులది స్వీయ నిర్ణయం, తూర్పు ఆసియా వారిది కుటుంబ నిర్ణయం.

నోరు ఎందుకు పెగలదు?

చైనీస్‌లో నాలుగు అంకెను ‘స్’ అంటారు. స్వరం మారితే అదే శబ్దానికి చావు అని అర్థం. అందుకే ఎన్నో భవనాల్లో నాలుగో అంతస్తుకు ఆ అంకె వేయరు. గడియారాన్ని కానుకగా ఇవ్వరు. ‘గడియారం ఇవ్వడం’ అన్న మాటకూ, ‘చివరి క్షణంలో దగ్గరుండి సాగనంపడం’ అన్న మాటకూ పలుకు ఒకటే: సోంగ్‌ఝోంగ్. మాటకు అంత బలం ఉందని నమ్మే ఇంట్లో, ‘అమ్మా, నీకు వెంటిలేటర్ పెట్టమంటావా’ అని అడగడం కీడును పిలిచి పీట వేయడమే. తథాస్తు దేవతలుంటారని పెరిగిన మనకు ఈ భయాన్ని విడమరిచి చెప్పక్కర్లేదు.

రెండో కారణం ఆశ. 2001లో కెర్రీ బౌమన్, పీటర్ సింగర్ అనే పరిశోధకులు టొరంటోలో 65 ఏళ్ళు దాటిన 40 మంది చైనీయులతో మాట్లాడి రాసిన అధ్యయనం ఈ రంగంలో బాగా పేరుపొందింది. ముందస్తు పత్రాలు రాయడం ఆ పెద్దలకు నచ్చలేదు. చెడు జరగకముందే చెడును తలచుకుంటే మనసు కుంగుతుంది, కుంగిన మనసు ఒంటిని కుంగదీస్తుంది అన్నది వారి వాదన. అయితే వాళ్ళు చావుకు భయపడుతున్నట్టు ఆ అధ్యయనం చెప్పలేదు. పుట్టినవాళ్ళు పోవడం సహజమే అన్న ఎరుక వాళ్ళ మాటల్లో ఉంది. బాధ పడలేకపోవడం, పిల్లలకు బరువు కాకూడదన్న తపన, వైద్యుడి మీద గౌరవం, ఇంటి సామరస్యం కూడా ఉన్నాయి. అభ్యంతరమల్లా ఆ కాగితం మీదే.

మూడో కారణం ‘శియావ్’, అంటే తల్లిదండ్రుల పట్ల బిడ్డల ధర్మం. అన్ని చికిత్సలూ చేయించని కొడుకు ధర్మం తప్పినవాడే అని లోకం అనుకుంటుందన్న భయం ఒకవైపు, చేదు నిజం అమ్మ చెవిన పడకుండా కాపాడటమే ప్రేమ అన్న నమ్మకం మరోవైపు. లులూ వాంగ్ 2019లో తీసిన ‘ది ఫేర్‌వెల్’ సినిమా కథ ఇదే. చైనాలోని చాంగ్‌చున్‌లో ఉన్న బామ్మకు ఊపిరితిత్తుల క్యాన్సర్ ముదిరిందని తెలిసి, ఆమెకు చెప్పకుండా, పెళ్ళి వంకతో అమెరికా నుంచీ జపాన్ నుంచీ బంధువులంతా చేరి వీడ్కోలు చెబుతారు. దర్శకురాలి ఇంట్లో నిజంగా జరిగిన సంగతే ఇది. సినిమా విడుదలయ్యే నాటికీ ఆ బామ్మ జీవించే ఉంది.

ఈ మూడూ కలిసి రెండువైపులా మౌనం పుట్టిస్తాయి. ఎత్తితే పిల్లలు బెంగపడతారని పెద్దలు ఊరుకుంటారు. ఎత్తితే పెద్దలు ఆశ వదులుకుంటారని పిల్లలు ఊరుకుంటారు. ఒకరి కోసం ఒకరు దాచుకున్న మాట చివరికి ఐసీయూ తలుపు బయట, అర్ధరాత్రి, తెలియని వైద్యుడి నోట ప్రశ్నగా వస్తుంది. అప్పటికి చెప్పాల్సిన మనిషికి తెలివి ఉండదు.

మౌనానికి వైద్యశాస్త్రం కట్టిన లెక్క

ఇది ఊహ కాదు. 2000 నుంచి 2006 మధ్య అమెరికాలో మరణించిన 60 ఏళ్ళు దాటిన 3,746 మంది వివరాలను మరియా సిల్వేరా బృందం పరిశీలించింది. చివరి రోజుల్లో 42.5 శాతం మంది విషయంలో చికిత్స గురించి నిర్ణయం తీసుకోవాల్సి వచ్చింది. వారిలో 70.3 శాతం మందికి స్వయంగా నిర్ణయించుకునే స్థితి లేదు. పది మందిలో ముగ్గురి విషయంలో వేరెవరో నిర్ణయించారన్నమాట.

ఆ వేరెవరో సరిగ్గా ఊహించగలరా? భర్త మనసు భార్యకూ, తల్లి మనసు కూతురికీ తెలియదా అనుకుంటాం. పదహారు అధ్యయనాలను కలిపి 2006లో చేసిన విశ్లేషణలో తేలింది ఏమిటంటే, దగ్గరివాళ్ళ ఊహ రోగి అసలు కోరికతో కలిసింది 68 శాతం సందర్భాల్లోనే. మూడింట ఒకసారి తప్పుతుంది. ప్రేమ ఉన్నంత మాత్రాన మనసులో మాట తెలిసిపోదు.

చికిత్సల గురించిన అపోహలు ఈ నష్టాన్ని పెంచుతాయి. ఆగిన గుండెను మళ్ళీ కొట్టించే సీపీఆర్‌నే చూడండి. 1990ల నాటి అమెరికా టీవీ కార్యక్రమాల్లో సీపీఆర్ చేసిన నలుగురిలో ముగ్గురు అప్పటికప్పుడు బతికినట్టు చూపారని ఒక అధ్యయనం లెక్క తేల్చింది. వాస్తవంలో, ఆసుపత్రిలో సీపీఆర్ చేసిన 65 ఏళ్ళు దాటినవారిలో ప్రాణాలతో ఇంటికి వెళ్ళింది 18 శాతం మందే. ముదిరిన జబ్బులున్న వారిలో ఇది ఇంకా తక్కువ. ఛాతీని గట్టిగా అదమడంలో పక్కటెముకలు విరగడమూ సాధారణమే. ఇవి తెలిశాక కూడా చేయించాలనుకోవచ్చు, వద్దనుకోవచ్చు. ఏదైనా తెలిసి చేసిన నిర్ణయం అవుతుంది.

తిండి సంగతి మరీ సున్నితం. ఆకలితో పోయినవాడు ఆకలి దయ్యమై తిరుగుతాడన్న నమ్మకం చైనీయుల్లో పాతది. ఏడో నెలలో ఆకలి దయ్యాలకు అన్నం పెట్టే పండుగే ఉంది. అందుకే మతిమరపు ముదిరి మింగలేకపోతున్న తల్లికి గొట్టం వద్దంటే కడుపు మాడ్చి పంపినట్టే అని బిడ్డ గుండె తరుక్కుపోతుంది. కానీ డిమెన్షియా చివరి దశలో గొట్టం ద్వారా తిండి పెట్టడం ఆయుష్షు పెంచుతుందనడానికి ఆధారం దొరకలేదు. ఆ దశలో ఆకలి మందగించడం శరీరం తనంతట తాను మూతపడే క్రమంలో భాగం. అమెరికాలోని వృద్ధుల వైద్య నిపుణుల సంఘం గొట్టానికి బదులు చేత్తో, ఓపిగ్గా, తినగలిగినంత తినిపించమని సలహా ఇస్తోంది. చెంచాడు గంజి నోట్లో పోసి మూతి తుడిచే బిడ్డ ఆకలి దయ్యం భయానికీ, వైద్యశాస్త్రానికీ ఒకేసారి జవాబు చెప్పినట్టే.

పరాయి చట్టం, పరాయి భాష

విదేశంలో ఉండటం వల్ల ఈ ముడి ఇంకో పేట బిగుస్తుంది. చైనీయ సంప్రదాయంలో పెద్దకొడుకు మాటకు విలువెక్కువ. కెనడాలోని ఒంటారియో చట్టంలో మాత్రం, రోగి ఎవరినీ నియమించకపోతే, భార్య లేదా భర్త తర్వాత వయసొచ్చిన పిల్లలందరిదీ ఒకటే స్థానం. వాళ్ళు ఏకమాట మీదకు రాకపోతే ప్రభుత్వ సంరక్షక అధికారి నిర్ణయిస్తాడు. ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో 2018 నుంచి అమలైన చట్టం ప్రకారం ఒకే వరుసలో ఇద్దరుంటే వారిలో పెద్దవాళ్ళది మాట. అదీ కొడుకని కాదు, కూతురైనా సరే. ఒకే కుటుంబం టొరంటోలో ఉంటే ఒక న్యాయం, మెల్‌బోర్న్‌లో ఉంటే ఇంకో న్యాయం. ‘అన్నయ్య చూసుకుంటాడులే’ అనుకున్న ఇంట్లో అన్నయ్యకు చట్టం దృష్టిలో ప్రత్యేక అధికారమే లేకపోవచ్చు.

భాష మరో గోడ. కాంటొనీస్ తప్ప రాని తల్లికి క్యాన్సర్ కబురు చెప్పాల్సి వస్తే పక్కనున్న కొడుకే దుబాసీ అవుతాడు. ‘మందులకు లొంగదు’ అన్న వైద్యుడి మాట ‘మందులు వాడితే మెల్లగా తగ్గుతుంది’గా మారి తల్లికి చేరుతుంది. మైనర్ పిల్లల చేత ఇలా అనువాదం చేయించకూడదని 2016లో అమెరికా నిబంధన పెట్టింది, ప్రాణం మీదికి వచ్చిన సమయాల్లో తప్ప. కాలిఫోర్నియాలో సీపీఆర్, వెంటిలేటర్ల గురించి వైద్యుడు రాసే గులాబీ రంగు ఆదేశపత్రానికి చైనీస్ అనువాదం ఉంది. అది చదువుకోవడానికి మాత్రమే. అంబులెన్సు సిబ్బందికి అర్థం కావాలి కాబట్టి సంతకం చేయాల్సింది ఇంగ్లీషు ప్రతి మీదే. తన చావు గురించిన కాగితం మీద తనకు రాని భాషలో సంతకం పెట్టమంటే ఏ పెద్దమనిషికి చెయ్యాడుతుంది?

దూరం మూడో గోడ. ఒక్క బిడ్డ విధానం కింద పుట్టిన తరం ఇప్పుడు కాలిఫోర్నియాలో, వాంకూవర్‌లో ఉద్యోగాలు చేస్తోంది. తల్లిదండ్రులు చైనాలో ఉంటే, వారి తరఫున మాట్లాడాల్సిన ఒకే ఒక్క మనిషి సముద్రం అవతల ఉన్నట్టు. చాలాకాలం దూరంగా ఉన్న బిడ్డ ఉన్నట్టుండి దిగి, దగ్గరున్నవాళ్ళు తీసుకున్న నిర్ణయాలన్నీ తిరగదోడి, ‘చేయగలిగిందంతా చేయండి’ అని పట్టుబట్టడాన్ని వైద్యులు ‘కాలిఫోర్నియా కూతురు’ అని పిలుస్తారు. 1991లో ఒక వైద్య పత్రికలో వచ్చిన పేరిది. ఆ పట్టుదల వెనక ఉన్నది చాలాసార్లు దగ్గర లేకపోయానన్న అపరాధభావమే. ముందే మాట్లాడుకుని ఉంటే ఆ బిడ్డకు ఆ క్షోభ తప్పేది.

తలుపు ఎక్కడుంది?

కాగితంతో మొదలుపెట్టిన చోట వద్దన్న పెద్దలే, ఆటతో మొదలుపెట్టిన చోట మనసు విప్పారు. సాండీ చెన్ స్టోక్స్ అనే నర్సు 2005లో కాలిఫోర్నియాలో చైనీయ అమెరికన్ల కోసం ఒక కూటమిని స్థాపించింది. ఆ కూటమి పేకముక్కల్లాంటి కార్డులు తయారుచేసింది. ఒక్కో ముక్క మీద చివరి రోజులకు సంబంధించిన ఒక్కో కోరిక చైనీస్‌లోనూ ఇంగ్లీషులోనూ ఉంటుంది. టీ తాగుతూ, బల్ల చుట్టూ కూర్చుని, నాకు ముఖ్యమైనవి ఇవీ అని ముక్కలు ఏరుకుంటారు. చావు అన్న మాటను నోటితో పలకక్కర్లేదు, ముక్క చూపిస్తే చాలు. మజాంగ్ బల్ల దగ్గర గంటలు గడిపే తరానికి ఇంతకన్నా సహజమైన దారి లేదు.

పదాలూ తలుపులే. చైనాలో హాస్పిస్ సేవకు మొదట పెట్టిన పేరు ‘లిన్‌ఝోంగ్ గ్వాన్‌హ్వాయ్’: చివరి గడియల సంరక్షణ. వినగానే గుండె జారే పేరు. తైవాన్‌లో ‘ఆన్‌నింగ్’, అంటే ప్రశాంతత, అన్నారు. తర్వాత చైనా అధికారిక పరిభాషలోనూ ఆ మాట వచ్చి చేరింది. శాన్‌ఫ్రాన్సిస్కో చైనాటౌన్‌లో 1971లో పుట్టిన వృద్ధుల సేవాసంస్థ పేరు ‘ఆన్ లోక్’. కాంటొనీస్‌లో ప్రశాంతం, ఆనందం అని అర్థం. పెద్దల్ని నర్సింగ్ హోమ్‌లో పడేయకుండా ఇంట్లోనే ఉంచి వైద్యం, భోజనం, తోడు అందించిన ఆ పద్ధతినే తర్వాత అమెరికా ప్రభుత్వం ఇతర రాష్ట్రాలకూ విస్తరించింది. టొరంటోలో డాక్టర్ జోసెఫ్ వాంగ్ స్థాపించిన యీ హోంగ్ కేంద్రం 1994 నుంచి చైనీయ పెద్దలకు వాళ్ళ భాషలో, వాళ్ళ వంటతో సేవ చేస్తోంది. గంజి పెట్టే చోట, కాంటొనీస్ వినపడే చోట పెద్దలు తమ గురించి చెప్పుకుంటారు.

కుటుంబాన్ని పక్కకు నెట్టకుండా చట్టం చేయవచ్చని తైవాన్ చూపింది. 2019 జనవరి 6 నుంచి అక్కడ రోగి స్వయంనిర్ణయ హక్కు చట్టం అమల్లో ఉంది. పత్రం రాసేముందు వైద్య బృందంతో సంప్రదింపు జరగాలి, అందులో దగ్గరి బంధువు ఒకరైనా కూర్చోవాలి. నిర్ణయం రోగిదే, వినేవాళ్ళు ఇంటివాళ్ళు. చైనాలో షెన్‌జెన్ నగరం 2023 జనవరి నుంచి లివింగ్ విల్‌ను గుర్తించింది. హాంకాంగ్ 2024 నవంబరులో చట్టం చేసింది. విదేశాల్లోని పెద్దలు ‘ఇదంతా తెల్లవాళ్ళ ఆచారం’ అనడానికి ఇక వీలులేదు. వాళ్ళ పుట్టిల్లే ఈ దారి పట్టింది.

ఇలా మాట్లాడుకుంటే ఫలితం ఉంటుందా? మెల్‌బోర్న్‌లోని ఒక ఆసుపత్రిలో 80 ఏళ్ళు దాటిన 309 మంది మీద జరిపిన పరీక్ష 2010లో వెలువడింది. శిక్షణ పొందిన సిబ్బంది కొందరితో, వారి ఇంటివాళ్ళతో కూర్చుని మాట్లాడారు. మిగతావారికి మామూలు వైద్యం అందింది. ఆరు నెలల్లో 56 మంది మరణించారు. మరణించినవారిలో మాట్లాడిన బృందానికి చెందిన 86 శాతం మంది కోరికలు తెలిసి, అమలయ్యాయి. రెండో బృందంలో అది 30 శాతమే. మాట్లాడిన కుటుంబాల్లో తర్వాతి కాలపు దిగులు, ఆందోళన తక్కువగా కనిపించాయి. మాట వల్ల లాభం పోయినవారితో ఆగలేదు, ఉన్నవారికీ దక్కింది.

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. 2021లో అమెరికాలో పేరున్న పాలియేటివ్ (ఉపశమన) వైద్యులు కొందరు, ఎన్నో ఏళ్ళుగా పత్రాలు నింపించినా చివరి రోజుల వైద్యం అనుకున్నంత మెరుగుపడలేదని రాశారు. ఆరోగ్యంగా ఉన్నప్పుడు రాసిన కోరిక జబ్బు చేశాక మారవచ్చు, రాసిన పత్రం సమయానికి దొరక్కపోవచ్చు. అందుకని ఒకసారి సంతకం పెట్టి బీరువాలో దాచేస్తే సరిపోదు. మన తరఫున మాట్లాడే మనిషిని ఎంచుకుని, ఆ మనిషితో ఏడాదికోసారైనా మాట్లాడుతూ ఉండాలి. ఇంకో జాగ్రత్త: చైనీయులంతా ఒక్కటి కాదు. హాంకాంగ్ నుంచి వచ్చినవారు, తైవాన్ వారు, మలేషియా చైనీయులు, అమెరికాలో పుట్టిన మనవలు వేర్వేరుగా ఆలోచిస్తారు. రోగి ఇంటిపేరు చూసి ‘వీళ్ళు మాట్లాడరు’ అని తేల్చేసే వైద్యుడు కూడా ఆ మౌనంలో భాగస్వామే.

చైనీయుల ప్రాచీన గ్రంథం షూజింగ్ మనిషికి ఐదు భాగ్యాలు చెప్పింది: దీర్ఘాయువు, సంపద, ఆరోగ్యంతో కూడిన శాంతి, సద్గుణం మీద ప్రేమ, ఐదోది ఆయుష్షు నిండి సహజంగా కన్నుమూయడం. మంచి చావు భాగ్యాల జాబితాలో ఉంది, అరిష్టాల జాబితాలో లేదు. పెద్దల దగ్గర మాట మొదలుపెట్టడానికి ఇంతకన్నా మంచి మొదటి వాక్యం ఉండదు. ‘పిల్లలకు బరువు కాకూడదు’ అని ప్రతి తల్లీ అంటుంది కదా. ‘అమ్మా, నువ్వేం కోరుకుంటున్నావో తెలియకపోవడమే మాకు పెద్ద బరువు’ అని బిడ్డ బదులు చెబితే, ఆ మాట చెప్పడమే శియావ్ అవుతుంది.

అనాయాస మరణం కావాలని రోజూ దేవుడికి దండం పెట్టుకునే మనకు ఈ కథ పరాయిది కాదు. క్యాన్సర్ అని అమ్మకు చెప్పొద్దని డాక్టర్ని బతిమాలే ఇళ్ళు మన ఊళ్ళలో ఎన్ని లేవు? తల్లిదండ్రులు గుంటూరులోనో కరీంనగర్‌లోనో, కొడుకు డాలస్‌లోనో ఉన్న కుటుంబాలు ఎన్ని లేవు? మన దేశంలో లివింగ్ విల్‌ను సుప్రీంకోర్టు 2018 మార్చి 9న గుర్తించింది. 2023 జనవరిలో పద్ధతిని సులభం చేసింది: ఇద్దరు సాక్షుల ఎదుట సంతకం చేసి, నోటరీ చేతనో గెజిటెడ్ అధికారి చేతనో ధ్రువీకరింపజేస్తే చాలు. కాగితం తర్వాత సంగతి. ముందు ఈ ఆదివారం భోజనాలయ్యాక అమ్మ పక్కన కూర్చోండి. దూరాన ఉంటే వీడియో కాల్‌లోనే అడగండి: ‘ఒంట్లో బాగోలేని రోజు వస్తే నిన్నెలా చూసుకోమంటావు?’ ఆమె జవాబు చెప్పేదాకా ఆగండి. మధ్యలో మాట మార్చకండి.